బుజ్జికి, శ్రీలంక టికెట్లు కొనేముందు

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ వీడియో కాల్ చేసి, పలకరింపు కూడా లేకుండా పాస్‌పోర్టు తెచ్చి కెమెరాకి అడ్డంగా పెట్టింది. "అక్కా, నా ఫోటో ఎంత బాగా పడిందో చూశావా" అంది. యాభై తొమ్మిదేళ్లకి మొదటి పాస్‌పోర్టు. మీ చదువులు, మీ నాన్న బదిలీలు, మంచాన పడ్డ అత్తగారి సేవ, ఇవన్నీ తెమిలేసరికి దాని జుట్టు నెరిసిపోయింది. సొంత జీతంతో అమ్మానాన్నల్ని విమానం ఎక్కిస్తున్న ఆడపిల్ల మన ఇంట్లో నువ్వే మొదలు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. గర్వంగా ఉంది తల్లీ.

ఆ తర్వాత నువ్వు పంపిన ప్లాన్ చూశాను. మే ఆఖరి వారం, ఎనిమిది రోజులు, ఏడు ఊళ్లు. బెంటోట, హిక్కడువ, మిరిస్స, అన్నీ బీచ్‌లే. చిన్నోడికి నీలం రంగు ఈత డ్రెస్ కూడా కొన్నావట. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావు.

ముందు అసలు సంగతి. శ్రీలంకకి వెళ్లేటప్పుడు ఊరు ఎంచుకుని నెల చూసుకోకూడదు. నెల చూసుకుని ఊరు ఎంచుకోవాలి. అది చిన్న దీవే, కానీ నడుమ కొండలున్నాయి. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమటి తీరాన్ని, దక్షిణ తీరాన్ని కొడుతుంది. నువ్వు రాసుకున్న మూడు బీచ్‌లూ ఆ వైపువే. అదే రోజుల్లో కొండలకి ఇవతల, తూర్పున, ట్రింకోమలీ దగ్గర సముద్రం చెరువులా ఉంటుంది. మన పడమటి కనుమలకి అటు మంగుళూరు తడిసి ముద్దవుతుంటే ఇటు అనంతపురం ఆకాశం వంక చూస్తుంది కదా, అదే లెక్క. డిసెంబరు నుంచి మార్చి వరకు ఇది తిరగబడుతుంది. అప్పుడైతే గాల్, మిరిస్స బాగుంటాయి, తూర్పు తీరంలో డిసెంబరు, జనవరిల్లో వానలు పడతాయి. నీకు సెలవు వేసవిలోనే దొరుకుతుంది, చిన్నోడి బడి జూన్‌లో తెరుస్తారు. కాబట్టి నీ దారి తూర్పు.

ఇది నాకు ఎలా తెలుసో చెప్పాలి. ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2013లో మీ పెదనాన్న రిటైరయ్యారు. ఆ డబ్బులో కొంచెం తీసి ఎక్కడికైనా వెళ్దామన్నారు. ఆయనకి శ్రీలంక పాత రాజధాని అనురాధపురం చూడాలని ఉండేది. నాకేమో బీచ్ పక్కన హోటల్, కిటికీ తీస్తే సముద్రం, అది కావాలి. విజయవాడలో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్లాం. జూన్ మొదటి వారం అంటే దక్షిణ తీరంలో మంచి హోటల్ సగం రేటుకి ఇస్తానన్నాడు. సగం రేటు అనగానే నా మొహం వెలిగిపోయింది. ఎందుకు సగం అని అడగలేదు. గుంటూరు మార్కెట్లో మిరపకాయలు కొనేటప్పుడు తక్కువకి ఇస్తానంటే బస్తా అడుగున చెయ్యి పెట్టి చూసేదాన్ని, ఆ రోజు ఏమీ చూడలేదు. పైగా ఇంకో రెండు వేలు తగ్గించమని బేరమాడాను.

మేం వెళ్లేసరికి బీచ్ ఖాళీగా ఉంది. పడుకునే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాడుతో కట్టేశారు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఇసుకలో పాతిన కర్రకి ఒక ఎర్ర జెండా, సగం చిరిగింది, గాలికి టపటపా కొట్టుకుంటోంది. నేను దాన్ని చూశాను బుజ్జీ. చూసి, ఏదో పార్టీ జెండా అనుకున్నాను.

మీ పెదనాన్న చిన్నప్పుడు బందరు కాలువలో ఈత నేర్చుకున్నారు. కాలువ తెలిసినవాడికి సముద్రం తెలిసినట్టే అనుకున్నారు. కళ్లజోడు, వాచీ నా చేతిలో పెట్టి దిగారు. రెండు పక్కలా అలలు పెద్దగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక చోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. "ఇక్కడ అలల్లేవు, ఇక్కడే దిగుతా" అన్నారు. నేనే "ఆఁ, అక్కడైతే బాగుంది" అన్నాను.

అదే చంపే చోటని మాకు తెలియదు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి కదా. అవి ఇసుకలో ఒక దారి చేసుకుని, కాలువలా వేగంగా వెనక్కి పోతాయి. ఆ దారిలో అల సరిగా విరగదు, అందుకని చూసేవాళ్లకి నిదానంగా కనిపిస్తుంది. రిప్ కరెంట్ అంటారట. నడుము లోతులో నిలబడ్డ మనిషి నా వైపే చూస్తూ వెనక్కి వెనక్కి పోతున్నారు. చెయ్యి ఊపితే, సరదాకేమో అని నేనూ చెయ్యి ఊపాను. రెండోసారి ఊపినప్పుడు మొహం కనిపించలేదు.

ఎర్ర కొబ్బరిబోండాలు అమ్మే ఒకాయన చూసి వాళ్ల భాషలో కేకలు వేశాడు. ఎక్కడి నుంచో ఒక కుర్రాడు అలల మీద ఆడే బోర్డు చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాడు ఆయన్ని పట్టుకుని తిన్నగా ఒడ్డుకి తీసుకురాలేదు, ఒడ్డు వెంబడి పక్కకి చాలా దూరం లాక్కెళ్లి అప్పుడు ఇటు తిప్పాడు. అరగంట కూడా పట్టి ఉండదు. ఆయన్ని ఇసుక మీద పడుకోబెట్టాక చూసుకుంటే నా గుప్పిట్లో కళ్లజోడు ఒక కాడ విరిగిపోయి ఉంది. ఎప్పుడు విరిచానో తెలియదు. హోటల్ కుర్రాడు వచ్చి, అతనికి కొంచెం తమిళం వచ్చు, "ఈ నెలలో మేమే దిగం అమ్మా, మీరు ట్రింకో పోవాల్సింది" అన్నాడు. ఆ మాట విజయవాడలో నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

ఇంటికొచ్చాక అందరికీ ఏం చెప్పానంటే, వద్దంటున్నా వినకుండా దిగారని చెప్పాను. ఆయన పక్కనే ఉండి తల ఊపారు. ఒక్కసారి కూడా "ఊరు ఎంచింది నువ్వే కదా" అనలేదు. తర్వాత బాపట్ల వెళ్లినా సూర్యలంకలో పాదాలు తడుపుకోలేదు. అనురాధపురం కూడా చూడకుండానే పోయారు. తప్పు నాది తల్లీ. ఆ విరిగిన కళ్లజోడు బీరువాలో ఇప్పటికీ ఉంది.

సముద్రం అంటే నాకు భయం అప్పుడు మొదలైంది కూడా కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనప్పుడు నాకు పదిహేనేళ్లు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన మా మేనమామ మూడు రోజులు మా అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం పెడితే కంచం వంక చూసేవాడు. అది తెలిసిన మనిషిని, ఆ జెండాని చూసి కూడా ఊరుకున్నాను. అందుకే నీకు ఇంత రాస్తున్నాను.

కాబట్టి ఎర్ర జెండా ఉంటే కాళ్లు కూడా తడపొద్దు. కాపలావాళ్లు ఉన్న చోటే దిగండి. అలల మధ్య నిదానంగా కనిపించే చోటు జోలికి పోవద్దు. ఎప్పుడైనా నీళ్లు లాగితే ఎదురీదొద్దు, తేలుతూ ఉండి ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఈ మాట మీ ఆయన చేత పైకి చెప్పించు. నవ్వినా పర్లేదు, చెప్పించు.

ఇక ఎక్కడెక్కడికి వెళ్లాలో. ఏడు ఊళ్లు కొట్టేసెయ్. మీ అమ్మ మోకాళ్లకి రోజూ వ్యాన్ ఎక్కి దిగడం నరకం. ఎనిమిది రోజులకి మూడు మకాములు చాలు.

విమానం దిగేది కొలంబోలో కాదు, కటునాయకలో. పక్కనే నెగొంబో. రాత్రి దిగితే అక్కడే పడుకోండి. మర్నాడు నాలుగైదు గంటల ప్రయాణంలో అనురాధపురం. ఇది మీ నాన్న కోసం. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పిన మనిషి, నాగార్జునకొండ మ్యూజియంకి తీసుకెళ్తే మధ్యాహ్నం భోజనం మర్చిపోతారు. ఇక్ష్వాకుల కాలంలో సింహళ భిక్షువుల కోసం నాగార్జునకొండలో ఒక విహారం ఉండేది, సింహళ విహారం అని శాసనంలోనే ఉంది. ఆ భిక్షువులు ఏ దేశం నుంచి వచ్చారో ఆ దేశపు పాత రాజధాని ఇది. అమరావతి శిల్పుల పనితనం ఆ దీవి శిల్పాల్లోనూ కనిపిస్తుంది. ఆయన్ని అక్కడ తొందరపెట్టకు. బోధివృక్షం దగ్గర, స్తూపాల దగ్గర చెప్పులు విప్పాలి. మధ్యాహ్నం ఆ రాళ్లు పెనంలా కాలతాయి, తెల్ల మేజోళ్లు నాలుగు జతలు పెట్టుకో, ఉదయమే వెళ్లండి. పౌర్ణమి మాత్రం చూసుకో. అక్కడ ప్రతి పౌర్ణమికీ సెలవు, గుళ్లు కిటకిటలాడతాయి.

సిగిరియా కొండ పన్నెండు వందల మెట్లు. ఇంద్రకీలాద్రికి లిఫ్టులో వెళ్లే మీ అమ్మ అది ఎక్కదు. నువ్వూ మీ ఆయనా ఎక్కాలనుకుంటే తెల్లవారగానే వెళ్లి వచ్చెయ్యండి, వాళ్లిద్దరూ చిన్నోడితో కింద తోటల్లో కూర్చుంటారు. ఎక్కలేదని మీ అమ్మ మొహం చిన్నబుచ్చుకుంటే, ఉండవల్లి గుహలు చూసినదానివి, ఇది రాయేగా అని చెప్పు.

తర్వాత ట్రింకోమలీ, మూడు రాత్రులు. ఊళ్లో కాకుండా నీలావెలిలో బస చూడు. అక్కడ చాలా దూరం లోతు తక్కువ, చిన్నోడు ఆడుకోవచ్చు. అయినా వాడి చెయ్యి వదలొద్దు. పిజియన్ ఐలాండ్ అని చిన్న దీవి ఉంది, పడవలో వెళ్లొచ్చు, పగడపు దిబ్బలు, రంగుల చేపలు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. పగడాల మీద కాలు పెట్టొద్దు, అవి ప్రాణమున్నవి. కోణేశ్వరం గుడి సముద్రం మీదికి ఒరిగినట్టున్న కొండ కొమ్ము మీద ఉంటుంది. పాత గుడిని పోర్చుగీసువాళ్లు 1622లో పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. సాయంకాలం పూజకి వెళ్లండి.

ఆ తర్వాత క్యాండీ, ఐదు గంటలు పడుతుంది. బుద్ధుడి దంతం ఉన్న గుడి, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోవద్దు, వాళ్లకి అది అపచారం. మీ నాన్నకి ఇంకో మాట చెప్పు. క్యాండీని చివర్లో, 1739 నుంచి 1815 వరకు ఏలింది నాయక్కర్ వంశం, మదురై నాయకుల వైపు మూలాలున్న తెలుగువాళ్లు. ఆఖరి రాజుని ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకి పంపారు. ఈ ఒక్క ముక్క చాలు, ఆయన ఆ ఊళ్లో రెండు రోజులు నడుస్తారు. నువరఎలియ ఈసారి వదిలెయ్. 1868 మీటర్ల ఎత్తు, ఆ నెలలో పొగమంచు, వాన, మీ అమ్మకి ఆయాసం. సీతమ్మ గుడి అక్కడే ఉందని అది అడుగుతుంది, అడిగితే నా పేరు చెప్పు.

కొలంబోకి తిరుగు ప్రయాణంలో ఒక సాయంత్రం చాలు. గాల్ ఫేస్ మైదానంలో రొయ్యల వడలు తినండి.

వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు చూసుకో. ఇన్సూరెన్స్ అందరికీ తీసుకో. దోమల మందు మర్చిపోకు, అక్కడ డెంగీ ఉంది. మీ నాన్న శాకాహారం కదా, కొబ్బరి పచ్చడిలో కూడా ఎండు చేప పొడి వేస్తారు, ప్రతిచోటా అడగండి. గోంగూర పచ్చడి నేను పట్టి పంపుతాను, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు, పెద్ద పెట్టెలో పెట్టు.

కోణేశ్వరంలో మీ పెదనాన్న పేరున ఒక కొబ్బరికాయ కొట్టు. నాకేమీ తేవద్దు.

చిన్నోడి ఈత డ్రెస్ మార్చేసెయ్ తల్లీ. నీలం రంగు నీళ్లలో కలిసిపోతుంది. నారింజో ఎరుపో కొను, ఒడ్డున కూర్చున్న మీ అమ్మకి కూడా వాడు కనపడాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు