మేత ముట్టని మాండరిన్ చేప

ప్రశ్న: 120 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి మూడు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు బాగానే ఉన్నాయి. ఆరు వారాల క్రితం తెచ్చిన మాండరిన్ చేప మాత్రం పెలెట్లు గానీ, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రొయ్య తురుము గానీ ముట్టడం లేదు. రోజంతా రాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, అయినా పొట్ట లోపలికి పోతోంది. మందు వేయమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దయచేసి ఏ మందూ వేయకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ చేప ఆకలితో చిక్కిపోతున్నట్టు తోస్తోంది. పొలుసులు లేకుండా ఒళ్లంతా దట్టమైన జిగురు మాత్రమే ఉండే ఈ జాతికి రాగి కలిసిన మందులు ప్రాణాంతకం కావచ్చు. పైగా రాళ్లలో మిగిలిన కాస్త సహజమైన మేతను కూడా అవి చంపేస్తాయి.

ఒక పావుగంట తొట్టి ముందు కదలకుండా కూర్చుని చూడండి. చేప రాయి పక్కన ఆగుతుంది, కళ్లను అటూ ఇటూ తిప్పుతుంది, చిన్న మూతిని ముందుకు చాచి చటుక్కున ఒక్క పోటు పొడిచి పక్కకు జరుగుతుంది. జపాన్‌కు దక్షిణాన ఉన్న ర్యూక్యూ దీవుల నుంచి ఆస్ట్రేలియా వరకు పగడపు దిబ్బల్లో బతికే ఈ చేప, ఒక మిల్లీమీటరు మించని కోపిపాడ్‌ల (రొయ్యలకు దూరపు చుట్టాలైన నలుసంత జీవులు) వంటి వాటిని ఒక్కొక్కటిగా ఏరుకుంటూనే కాలం గడుపుతుంది. కదలని పెలెట్ దాని కంటికి మేతగా కనిపించదు. మూడు నెలల తొట్టిలో కోపిపాడ్‌లు పెరిగేదే కొద్ది, వాటిని మీ చేప ఈపాటికి ఊడ్చేసి ఉంటుంది.

ముందు ప్రాణం నిలపాలి. మీ తీరంలోని రొయ్యపిల్లల హేచరీలలో మేతగా వాడే ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య) గుడ్లనే కొద్దిగా సంపాదించి, గాలి ఆడే ఉప్పునీటిలో 28 డిగ్రీల వద్ద ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. పిల్లలు తమలోని పచ్చసొనను కరిగించుకుంటూ పోతాయి కాబట్టి, పొదిగిన కొద్ది గంటల్లోనే పెడితే బలం ఎక్కువ. పంపు ఆపి, ఒక చిన్న గాజు సీసాను ఇసుక మీద పడుకోబెట్టి, డ్రాపర్‌తో వాటిని లోపల వదలండి. బయట చల్లితే క్లౌన్ చేపలు ఒక్కటీ మిగల్చవు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా పెట్టండి. సీసాలోకి వెళ్లి తినడం అలవాటయ్యాక గడ్డకట్టించిన ఆర్టీమియాను కొద్దికొద్దిగా కలపవచ్చు. సముద్రంలో పట్టిన చేపల్లో కొన్ని దీనికి ఎప్పటికీ లొంగవు, హేచరీలో పుట్టినవి త్వరగా అలవాటు పడతాయి.

దీనితోపాటు కోపిపాడ్ కల్చర్‌ను (పెంచిన సజీవ కోపిపాడ్‌లున్న నీటిని) రాత్రి దీపాలు ఆర్పాక రాళ్ల మధ్య పోయండి. చేప చేరలేని చిన్న పక్కతొట్టిలో కీటోమార్ఫా నాచు పెంచితే కోపిపాడ్‌లు అక్కడ పెరిగి ప్రధాన తొట్టిలోకి వస్తుంటాయి. నీటి సాంద్రత 1.025 దగ్గర, వేడి 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే చాలు. సముద్రం చేరువలోనే ఉన్నా హార్బరు పరిసరాల నీరు తెచ్చి పోయకండి.

నిజానికి ఈ చేపకు ఏడాదైనా పాతబడి, రాళ్లు నిండుగా ఉన్న 250 లీటర్లకు పైబడిన తొట్టి కావాలి. రోజూ ఉదయం దాన్ని ఎదురుగా చూడండి: తల వెనక పల్లం, పొట్ట కింద గుంట పూడుతున్నాయంటే మీ ప్రయత్నం ఫలిస్తున్నట్టే. రెండు వారాలైనా మార్పు కనిపించకపోతే, అటువంటి పాత తొట్టి ఉన్నవారికి దాన్ని అప్పగించండి.