పూసలు కరిగిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పదార్థం), కాల్షియం క్లోరైడ్‌తో డైక్లోఫెనాక్ (నొప్పి మందు) నింపిన జెల్ పూసలు చేశాను. కడుపును పోలిన ఆమ్లంలో (పీహెచ్ 1.2) రెండు గంటలూ మందు దాదాపు రాలేదు. పేగును పోలిన పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) వేస్తే మాత్రం గంటలోనే అంతా వచ్చేసింది. పూసలకు తోకలు కూడా వస్తున్నాయి. — బి.ఫార్మసీ విద్యార్థిని, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ఆమ్లంలో వచ్చిన ఫలితాన్ని చూసి అప్పుడే సంతోషపడకండి. ఆల్జినేట్‌లోని కార్బాక్సిల్ గుంపులు అక్కడ ప్రోటాన్ అందుకుని జెల్ ముడుచుకుంటుంది, నిజమే. కానీ డైక్లోఫెనాక్ కూడా ఆమ్లంలో కరగదు. అందుకే ఉత్త మందు పొడిని కూడా అదే ఆమ్లంలో పరీక్షించి పోల్చండి. జెల్ పనెంతో అప్పుడు తెలుస్తుంది.

6.8లో కార్బాక్సిల్ గుంపులు ఋణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, జెల్ నీరు పీల్చి ఉబ్బుతుంది. ఆల్జినేట్ గొలుసుల్ని కట్టి ఉంచే కాల్షియం స్థానంలోకి బఫర్‌లోని సోడియం చేరుతుంది, ఫాస్ఫేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కట్టు వదిలి పూస కరిగిపోతుంది. దీనికి కైటోసాన్ (రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం) పూత మంచి ఉపాయం: 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 0.5 శాతం కైటోసాన్ కరిగించి, పీహెచ్ 5కి తెచ్చి, పూసల్ని అరగంట నాననివ్వండి. ధనావేశమున్న కైటోసాన్ ఆల్జినేట్‌ను అంటుకుని విడుదలను నెమ్మదింపజేస్తుంది.

తోకలు వస్తున్నాయంటే ఆల్జినేట్ ద్రావణం మరీ చిక్కగా ఉందన్నమాట. 2 శాతానికి తగ్గించి చూడండి. మరీ పల్చనైతే పూసలు చదునవుతాయి. పూసల్ని కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ఎక్కువసేపు ఉంచితే మందు అందులోకే జారిపోతుంది, కాబట్టి ఆ ద్రావణంలోనూ మందు ఎంతుందో కొలవండి. ఆల్జినేట్ కలపడానికి బోరు నీళ్లు వద్దేవద్దు, వాటిలోని కాల్షియం వల్ల ముందే గడ్డలు కడుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి.