స్లాట్లు మళ్లీ కోయించకండి, ముందు పోలరైజర్ పెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చివర షార్ట్ ఉన్న (అంటే లోహంతో మూసేసిన) ఎక్స్ బ్యాండ్ స్లాటెడ్ వేవ్‌గైడ్ యాంటెన్నా, అంటే గోడలో సన్న కోతలున్న (స్లాట్లు) లోహపు గొట్టం, రేఖీయ ధ్రువణం ఇస్తోంది (విద్యుత్ క్షేత్రం ఒకే గీత మీద ఊగుతుంది), మీకు వృత్తాకార ధ్రువణం కావాలి (క్షేత్రం గుండ్రంగా తిరగాలి). గుణకారం గుర్తు ఆకారంలో కొత్త స్లాట్లు కోయించాలా, లేక యాంటెన్నా ఎదుట పోలరైజర్ (రేఖీయ ధ్రువణాన్ని వృత్తాకారంగా మార్చే అమరిక) పెట్టాలా?

పోలరైజరే పెట్టండి. కోయించి చేతులు కాల్చుకున్నవాణ్ని.

కాగితం మీద లెక్క ముచ్చటగానే ఉంటుంది. గైడ్ వెడల్పాటి గోడ మీద అయస్కాంత క్షేత్రంలో గైడ్ పొడవు వెంట ఉండే భాగానికి, అడ్డంగా ఉండే భాగానికి మధ్య 90 డిగ్రీల దశాభేదం, అంటే పావు చక్రం తేడా, ఉంటుంది. అవి రెండూ సమానమయ్యే చోట ఆ గుణకారం గుర్తు స్లాట్ కోస్తే వృత్తాకార ధ్రువణం దానంతటదే రావాలి. 22.86 మి.మీ. వెడల్పు గైడ్‌లో, 9.375 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ చోటు పక్క గోడకు సుమారు 5.6 మి.మీ. దూరం. బెంగళూరు పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో మిల్లింగ్ చేయించాను. మెషినిస్టుది మదనపల్లె. "ఇన్ని సన్న కోతలు ఎందుకు సార్?" అని గొణుక్కుంటూనే చక్కగా కోసి ఇచ్చాడు. తీరా ఛాంబర్‌లో (యాంటెన్నాలు కొలిచే గదిలో) ఎదుటి హార్న్ యాంటెన్నాను తిప్పుతూ చూస్తే, వృత్తాకారమైతే కదలకూడని సిగ్నల్ దాదాపు 20 డెసిబెల్స్ ఊగింది. మళ్లీ రేఖీయమే!

తప్పు కోతది కాదు, నాది. ఆ సూత్రం ఒకే దిశలో సాగే తరంగానికి వర్తిస్తుంది. షార్ట్ తగిలి వెనక్కి వచ్చే తరంగం అదే స్లాట్ నుంచి వ్యతిరేక దిశలో తిరిగే ధ్రువణాన్ని ఇస్తుంది. కుడి, ఎడమ కలిసి సరళరేఖే మిగులుతుంది. షార్ట్ బదులు తరంగాన్ని వెనక్కి పంపకుండా మింగేసే మ్యాచ్‌డ్ లోడ్ పెట్టవచ్చు గానీ, అప్పుడు స్లాట్ల అమరికంతా మొదటి నుంచి లెక్క కట్టాలి, పైగా ఫ్రీక్వెన్సీతో పాటు బీమ్ కూడా పక్కకు జరుగుతుంది.

చివరికి పాత యాంటెన్నా ముందే, దాని విద్యుత్ క్షేత్రానికి 45 డిగ్రీల వాలులో సమాంతర లోహపు పలకలు బిగించాను. విద్యుత్ క్షేత్రంలో పలకలకు లంబంగా ఉన్న భాగానికి అవి లేనట్టే. సమాంతర భాగానికి మాత్రం పలకల సందు ఒక వేవ్‌గైడ్, అందులో దాని దశ నెమ్మదిగా మారుతుంది. సందు 24 మి.మీ. అయితే దాదాపు 31 మి.మీ. లోతుకు 90 డిగ్రీల తేడా వస్తుంది. సందు 16 మి.మీ. కంటే తగ్గితే ఆ భాగం అసలు దాటదు. ఇంత మందం కుదరకపోతే మియాండర్ లైన్ షీట్లు (మెలికల లోహపు గీతలున్న పల్చటి షీట్లు) మూడు నాలుగు, మధ్యలో ఫోమ్‌తో పెట్టుకోవచ్చు.

వాలు దగ్గర బద్ధకించకండి. దశ సరిగ్గా 90 ఉన్నా కోణం 5 డిగ్రీలు తప్పితే యాక్సియల్ రేషియో (వృత్తం ఎంత సాగిందో చెప్పే కొలత, సరైన వృత్తానికి 0) 1.5 డెసిబెల్స్‌కు పోతుంది. పలకలను స్లాట్లకు మరీ దగ్గరగా కూడా పెట్టకండి. నేను మొదట 5 మి.మీ. దూరంలో పెడితే రెజొనెన్స్ (స్లాట్లు బాగా పలికే ఫ్రీక్వెన్సీ) పక్కకు జరిగిపోయింది, 16 మి.మీ. దగ్గర కుదుటపడింది.

ఇంకొకటి. ఫ్రేమును వెనక్కి ముందుకు తిరగేసి బిగిస్తే వాలు అటుదిటై, కుడి ధ్రువణం ఎడమది అవుతుంది. మా కుర్రాడు ఒకసారి అలాగే బిగించాడు; అవతలి యాంటెన్నాకు సిగ్నల్ అందక మధ్యాహ్నమంతా కేబుళ్లు పీకి చూశాం. ఇప్పుడు ఫ్రేము మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు ఉంది.