ప్రేమ నవలల తర్వాత ఏం చదవాలి?

ప్రశ్న: ఇన్నాళ్లూ ప్రేమ నవలలే చదివాను. ఇప్పుడు ఆత్మకథలు, బొమ్మల నవలలు, ఫాంటసీ కూడా చదవాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’తో మొదలుపెట్టండి. 1918లో పుట్టి, కమ్యూనిస్టు ఉద్యమంలో అజ్ఞాతవాసాన్నీ, ఆ తర్వాత భర్త ఎడబాటునూ భరించి, కన్నబిడ్డలను పోగొట్టుకున్న ఆమె, తొంభై ఏళ్లు దాటాక 2012లో వెలువరించిన ఈ ఆత్మకథలో ఎవరి మీదా కక్ష కనబడకపోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. బొమ్మల నవలల్లో ‘భీమాయన’ చూడండి. అంబేడ్కర్ ఎదుర్కొన్న అంటరానితనాన్ని పర్ధాన్ గోండు ఆదివాసీ చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దాహంతో ఉన్న చిన్నారి అంబేడ్కర్ ఒంటినే చేపగా గీసి చెప్పారు. ఫాంటసీకి ఉర్సులా లె గ్విన్ రాసిన 1968 నాటి ఇంగ్లిష్ నవల ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ చదవండి. ప్రేమ నవలలను మాత్రం మానకండి.