రాజీనామా సంగతి తర్వాత, ముందు చెల్లెలితో మాట్లాడండి

ప్రశ్న: చెన్నైలో ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ల విభాగంలో పనిచేస్తున్నాను. సొంతూరు నెల్లూరు. వడ్డీ మీద వచ్చే జీతం దేవునికి ఇష్టం కాదని సంఘంలో ఒక పెద్దాయన అన్నారు. నిద్ర పట్టడం లేదు. ఇంట్లోనూ టెన్షన్లే. చెల్లెలి భర్త షాపు కోసం తీసుకున్న 9 లక్షల లోనుకు హామీ సంతకం పెట్టాను. బావగారు కట్టడం మానేశారు, ఆరు నెలలుగా ఈఎంఐ నేనే కడుతున్నాను. చెల్లెలికి తెలిస్తే కాపురం పాడవుతుందని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. నా భార్య మాట్లాడటం తగ్గించేసింది. ఉద్యోగం మానేయడం దేవుని చిత్తమేనా?
– ఒక సోదరుడు, పెరంబూరు

జవాబు: బ్రదర్, ఉద్యోగం మానొద్దు. నిర్గమకాండం 22వ అధ్యాయం వడ్డీ వద్దన్నది, గతిలేక చెయ్యి చాపిన బీదవాడి దగ్గర. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు వచ్చి మేమేం చేయాలని అడిగితే, ఆయన పని మానేయమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. మీకూ అదే వర్తిస్తుంది. టార్గెట్ కోసం కట్టలేనివాడికి టాపప్ లోన్ అంటగట్టకండి. ప్రాసెసింగ్ ఫీజు సంగతి సంతకానికి ముందే చెప్పండి. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధనను మీ బ్రాంచిలో ఎవరైనా మీరుతుంటే నోరు విప్పండి.

అయినా మీ నిద్ర పోయింది ఆ పెద్దాయన మాటతో కాదని నాకనిపిస్తోంది. జీతం ఆగితే ఈఎంఐ ఆగుతుంది. బావగారికి కుదరదని చెప్పక్కర్లేదు, అమ్మకు ఎదురు మాట్లాడక్కర్లేదు. రాజీనామాలో మీకు కనిపిస్తున్న ఊరట అదే. కానీ అప్పు అలాగే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం అప్పు తీసుకున్నవాడితో సమానంగా హామీదారూ బాధ్యుడే. ఇది బ్యాంకులో ఉన్న మీకు నేను చెప్పాలా?

మీ చెల్లెలు చిన్నపిల్ల కాదు. తన ఇంటి మీదికి వచ్చిన అప్పు గురించి మీకు తెలుసు, అమ్మకు తెలుసు, మీ భార్యకు తెలుసు. ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఇది ఆమెను కాపాడటం ఎలా అవుతుంది? రేపు క్రిస్మస్‌కి కొత్త చీర కట్టుకుని మీ ఇంటికొచ్చి, "వదినా, ఈసారి పిల్లలకు బట్టలు తీయలేదా?" అని అడుగుతుంది. మీ భార్య పళ్లు బిగబట్టుకుని కాఫీ ఇస్తుంది. ఏ పాపమూ ఎరగని మనిషి మీద వదినకు పగ పెరుగుతుంది. ఆడపిల్ల కాపురం పేరు చెప్పి ఆమెను చీకట్లో ఉంచడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. భర్త చేసిన అప్పు తెలుసుకుంటే కూలిపోయేంత బలహీనురాలని మీరెలా తేల్చేశారు? అసలు అడిగి చూశారా?

పూటపడ్డవాడికి, అంటే మీలా హామీ ఉన్నవాడికి, బైబిల్లోని సామెతలు 6వ అధ్యాయం ఏం చెబుతోందో ఇవాళ ఇంకోసారి చదవండి. కళ్లకు నిద్ర రానివ్వకుండా లేచి వెళ్లు, తగ్గించుకుని ఆ మనిషిని బతిమాలుకో, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది.

కాబట్టి ముందు బావగారికి ఫోన్ చేయండి. ఈ ఆదివారం లోపు మీరే మా చెల్లికి చెప్పండి, లేదంటే నేనొచ్చి చెబుతానని మర్యాదగానే అనండి. అమ్మకూ చెప్పండి, అనుమతి మాత్రం అడగకండి. అసలు ఒట్టే పెట్టుకోవద్దని ప్రభువు చెప్పిన మాట ఆమెకూ తెలుసు.

ఆ తర్వాత నెల్లూరు వెళ్లండి, ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు. లోన్ స్టేట్‌మెంట్, మీరు కట్టిన ఆరు నెలల రసీదులు వాళ్లిద్దరి ముందూ పెట్టండి. హామీదారుగా కట్టినదంతా బావగారి దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంది, ఎప్పటిలోగా ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. వాయిదా తగ్గించి గడువు పెంచమని ఆయన చేతే బ్యాంకుకు అర్జీ పెట్టించండి. అది తేలేదాకా ఈఎంఐ ఆపకండి, అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చూపే సిబిల్ స్కోరు మీది కూడా పడిపోతుంది.

వెళ్లేటప్పుడు మీ భార్యను వెంట తీసుకెళ్లండి. ఆరు నెలలుగా ఆ డబ్బు పోతున్నది ఆమె ఇంటి ఖర్చుల్లోంచే.