బ్యాండు నేర్పే టీచర్ కావాలంటే...

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. హైస్కూల్లో ఉన్నన్నాళ్లూ బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించింది. ఇంజనీరింగ్ వద్దు, స్కూల్లో బ్యాండు నేర్పే టీచర్ అవుతానంటోంది. అది నిజంగా ఉద్యోగమేనా? దానికి ఏ చదువు చదివించాలి?
- ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనమ్మా. అయితే ఆ పేరుతో ప్రకటనలు పడేది తక్కువ. బ్యాండ్ మాస్టర్ అన్న పేరుతోనే పోస్టు ఉండేది సైనిక్ స్కూళ్లలో. మన రాష్ట్రంలో కోరుకొండలో ఒకటి, కలికిరిలో ఒకటి ఉన్నాయి. ఆ పోస్టుకు సాధారణంగా మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ సైనిక శిక్షణ కేంద్రంలోనో, నౌకాదళంలోనో, వాయుసేనలోనో సంబంధిత కోర్సు చేసినవారిని కోరతారు. యూనిఫామ్ అంటే ఇష్టముంటే ఆ దారీ ఉంది. నౌకాదళం, వాయుసేన అగ్నివీర్ పథకం కింద పదో తరగతి పాసైన, పెళ్లికాని యువతీ యువకులను సంగీత విభాగంలోకి తీసుకుంటున్నాయి. ఆ సర్వీసు నాలుగేళ్లే.

మిగిలినవారికి దారి ఒక్కటే: సంగీతం టీచర్‌గా చేరి, స్కూలు బ్యాండు బాధ్యత అందుకోవడం. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీతం టీచర్‌కు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ అడుగుతారు. మద్దిరాల వంటి నవోదయల్లోనూ సంగీతం టీచర్ పోస్టు ఉంటుంది. అందుకే ఇంటర్ మార్కులను తేలిగ్గా తీసుకోనివ్వకండి. విజయవాడలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో చేర్చితే శ్రుతిజ్ఞానం, స్వరజ్ఞానం గట్టిపడతాయి. చేరే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: చేతికి వచ్చేది సర్టిఫికెట్టా, డిప్లొమానా, డిగ్రీయా? ఉద్యోగం దగ్గర అదే అడ్డం పడుతుంది.

ఇక అసలు విషయం. డ్రమ్ ఒక్కటే వచ్చినవారు బ్యాండును నడిపించలేరు. కవాతు నడకకు నిమిషానికి సుమారు 120 అడుగుల లయ పట్టుకోవడం మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. కానీ ఫ్లూటు, ట్రంపెట్, ఆల్టో శాక్సోఫోన్ పట్టుకున్న ముగ్గురు పిల్లలు ఒకే స్వరం పలకాలంటే ఆ ముగ్గురి కాగితాల మీదా వేర్వేరు స్వరాలు రాసివ్వాలి, ఎందుకంటే ఆ వాద్యాల శ్రుతులు వేరు. పాశ్చాత్య స్వరాల పేర్లలో చెప్పాలంటే, ఫ్లూటుకు బీ ఫ్లాట్ అని రాస్తే, ట్రంపెట్‌కు సీ అని, ఆల్టో శాక్సోఫోన్‌కు జీ అని రాయాలి. ముగ్గురికీ ఒకే కాగితం ఇస్తే వినలేం! ఈ లెక్క తెలిసిన టీచర్లు మన స్కూళ్లలో తక్కువ. ఆమెకు విలువ తెచ్చిపెట్టేది ఇదే. కాబట్టి ఊదే వాద్యం ఒకటి, పాశ్చాత్య స్వరలిపి ఇప్పుడే మొదలుపెట్టించండి. లండన్‌లోని ట్రినిటీ కాలేజీ నిర్వహించే సంగీత గ్రేడ్ పరీక్షలు ఒకటి నుంచి ఎనిమిది వరకు ఉంటాయి. అవి డిగ్రీకి బదులు కావు గానీ, ప్రైవేటు స్కూలు ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

ట్రంపెట్ గురువు కోసం హైదరాబాదు పరుగెత్తనక్కర్లేదు. పెళ్లి ఊరేగింపుల్లో గంటల తరబడి వాయించే బ్యాండు మేళం కళాకారులు గుంటూరు, విజయవాడల్లో ఉన్నారు. పెదవి బిగింపు, ఊపిరి పట్టు వారి దగ్గర నేర్చుకోవలసిందే. వారిని చిన్నచూపు చూడటం మన దురలవాటు. గౌరవంగా అడగండి, ఫీజు ఇచ్చి నేర్పించండి.

జీతం మాట కూడా చెప్పాలి. చాలా ప్రైవేటు స్కూళ్లకు ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితేనే బ్యాండు గుర్తొస్తుంది. అలాంటిచోట పార్ట్ టైమ్ తప్ప దొరకదు. మొదట్లో రెండు మూడు స్కూళ్లు తిరగక తప్పదు. అయితే రిపబ్లిక్ డే సందర్భంగా జరిగే జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీల్లో బాలికలకు బ్రాస్ బ్యాండు (ట్రంపెట్ వంటి ఇత్తడి వాద్యాలది), పైప్ బ్యాండు (బ్యాగ్‌పైప్ వాద్యాలది) విభాగాలు విడిగా ఉన్నాయి. బాలికల బ్యాండును తయారుచేయగల మహిళా టీచర్ కోసం స్కూళ్లు వెదకాల్సి వస్తుంది.

పరీక్షలయ్యాక ఈ వేసవిలో చదివిన స్కూల్లోనే అడిగి, డ్రమ్ అసలు పట్టని ఐదారుగురు పిల్లలకు నేర్పించమనండి. తాను వాయించడం ఇష్టమా, ఎదుటివారిచేత వాయింపించడం ఇష్టమా అన్నది నెల తిరక్కుండానే ఆమెకే తెలుస్తుంది. రెండోదైతే నిశ్చింతగా పంపండి. మొదటిదైతే కోర్సు ఏమిటన్నది మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. అంతవరకు ట్రంపెట్ కొనకండి, అద్దెకు తెచ్చుకోండి.