బండి సందేహాలు: కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజులకే డౌన్

ప్రశ్న: నమస్కారం సార్. నాది ఆరేళ్ల బైక్. సెల్ఫ్ తప్ప కిక్ లేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తాను. వరుసగా డ్యూటీలున్నప్పుడు బటన్ ఇలా నొక్కగానే అలా స్టార్ట్ అవుతుంది. నాలుగు రోజులు సెలవులో ఉండి ఐదో రోజు నొక్కితే మాత్రం ‘టిక్ టిక్’ మని ఆగిపోతుంది. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాను, ఇది మూడోది. మెకానిక్ చూసి మాగ్నెట్ కాయిల్ పోయింది, మార్చాలన్నాడు. మార్పించమంటారా? వైరింగ్ అంతా కంపెనీదే. ట్రాకర్, ఫోన్ చార్జింగ్ సాకెట్ మాత్రం బయట పెట్టించాను. డ్యూటీకి వేళ దాటిపోతుంటే బండి కదలక ఒకటే టెన్షన్.

జవాబు: కాయిల్ ఇప్పుడే మార్పించకండి అమ్మా. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. కాయిల్ పోతే బ్యాటరీకి చార్జింగ్ అందదు. అప్పుడు బండి నడిపే రోజుల్లోనే బ్యాటరీ దిగిపోతుంది. మీకు జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నడిపినన్నాళ్లూ బాగుంటోంది, ఆపితే చచ్చిపోతోంది. అంటే చార్జింగ్ ఎక్కుతోంది. తాళం తీసేశాక ఏదో ఒకటి దాన్ని తాగేస్తోంది, లేదంటే బ్యాటరీయే లోపల చార్జి నిలుపుకోలేకపోతోంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి మీటరు (కరెంటు, వోల్టులు కొలిచే మల్టీమీటరు) కూడా అక్కర్లేదు. ఈసారి సెలవుకు ముందు బ్యాటరీని చార్జర్ మీద పెట్టి నిండా ఎక్కించండి. ఆ తర్వాత 10 నంబరు స్పానర్‌తోనో, స్క్రూడ్రైవర్‌తోనో మైనస్ వైరు ఊడదీసి, దాని కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కకు పెట్టండి. ప్లస్ వైరు ముట్టుకోవద్దు. ఐదో రోజు మైనస్ బిగించి బటన్ నొక్కండి. ఠక్కున స్టార్ట్ అయితే బ్యాటరీ తప్పేమీ లేదు, బండే తాగుతోంది. వైరు తీసి ఉంచినా డౌన్ అయితే బ్యాటరీయే పోయింది. నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే నేను మొదట చేసే పని ఇదే. గడియారంలో టైము పోతుంది, అది మళ్లీ పెట్టుకోవచ్చు.

బండే తాగుతోందని తేలితే ఇక మీటరు కావాలి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, తొందరపడితే మీటరు ఫ్యూజు పోతుంది. తాళం తీసేయండి. మైనస్ వైరు ఊడదీయండి. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, డీసీ కరెంటు మీద పెట్టండి. ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఊడదీసిన వైరు మీద ఉంచండి. బండి తాగే కరెంటంతా ఇప్పుడు మీటరు గుండానే పోతుంది. ఈ స్థితిలో తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు. అలారం, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లలో నాలుగైదు నిమిషాలు ఆగి అంకె చూడండి. లోపలి కంట్రోల్ యూనిట్ నిద్రలోకి జారుకోవడానికి కొంచెం సేపు పడుతుంది.

గడియారం ఒక్కటే ఉన్న మామూలు బండి 1, 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉండాలి. 2 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 0.048 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత చార్జి ఉందో చెప్పే కొలత). 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆ లెక్కన సగానికి దిగాలన్నా 80 రోజులు దాటుతుంది. అదే 60 మిల్లీ ఆంపియర్లు, అంటే మీటరులో 0.06 ఆంపియర్లు, కనిపించిందనుకోండి. రోజుకు 1.44, నాలుగు రోజులకు 5.76 పోతుంది. 8లో మిగిలిన రెండు చిల్లర సెల్ఫ్ మోటారును తిప్పడానికి చాలదు. ‘టిక్ టిక్’ అనేది రిలే చప్పుడు, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్. అది పని చేస్తుంది గానీ మోటారుకు కావలసినంత కరెంటు అందదు.

మీ ఉత్తరంలో ‘మాత్రం’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ట్రాకర్, చార్జింగ్ సాకెట్. మొదట వాటి ప్లగ్గులే ఒక్కొక్కటిగా పీకి అంకె చూడండి. ట్రాకర్ పగలూ రాత్రీ నెట్‌వర్క్‌తో మాట్లాడుతూనే ఉంటుంది, బండి ఆగి ఉందని ఊరుకోదు. చార్జింగ్ సాకెట్‌లో నీలం లైటు రాత్రి కూడా వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే దాని వైరు నేరుగా బ్యాటరీకి కట్టేశారని అర్థం. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు ఫ్యూజుతో సహా దాన్ని మార్పించండి, పది నిమిషాల పని. ట్రాకర్‌ను అలా మార్చలేం, ఎప్పుడూ కరెంటు ఉంటేనే దాని ప్రయోజనం. కానీ బండి కదలనప్పుడు నిద్రపోయే సెట్టింగ్ చాలా ట్రాకర్లలో ఉంటుంది. అది ఆన్ చేయించండి.

రెండూ పీకినా అంకె దిగకపోతే రెగ్యులేటర్ రెక్టిఫయర్‌ను అనుమానించాలి. మేము ఆర్ఆర్ యూనిట్ అంటాం, కాయిల్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చి పంపే, రెక్కలు రెక్కలుగా ఉండే అల్యూమినియం డబ్బా. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక బండి రెండు రోజులు నన్ను ఏడిపించింది. హారన్, బ్రేక్ స్విచ్, తాళం కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), అన్నీ విప్పాను. మీటరు 40 దగ్గర నుంచి కదల్లేదు. చివరికి ఆర్ఆర్ యూనిట్ కప్లర్ లాగగానే అంకె సున్నాకు పడిపోయింది. తెల్లటి కప్లర్ ఒక మూల కాలి గోధుమ రంగుకు తిరిగి ఉంది. ముక్కు దగ్గర పెడితే కమురు వాసన. లోపల కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్ చెడి, ఆగి ఉన్న బండిలో బ్యాటరీ కరెంటు వెనక్కి కాయిల్లోకి కారిపోతోంది. ఆ బండి యజమాని అప్పటికే నాలుగు బ్యాటరీలు కొన్నాడు. ఒక్కరూ మీటరు పెట్టి చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

కాయిల్ సంగతి మెకానిక్ మళ్లీ ఎత్తితే ఒక్క పరీక్ష చేయమనండి. మీటరు తీగను తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చి (మరిచిపోయి ఆంపియర్లలోనే ఉంచి ప్లస్, మైనస్‌ల మీద పెడితే నేరుగా షార్ట్ అవుతుంది), ఇంజన్ 4,000, 5,000 ఆర్‌పీఎం దగ్గర రేజ్ చేసి బ్యాటరీ మీద వోల్టేజి చూడాలి. 13.8 నుంచి 14.5 వస్తే కాయిల్ జోలికి పోనక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఇన్నిసార్లు పూర్తిగా దిగిన బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. తాగే దారి మూసేశాక కూడా, నిండా చార్జి చేసి ఒక రాత్రి వదిలేసిన తర్వాత 12.6 వోల్టులు లేకపోతే నాలుగోది కొనక తప్పదు. దారి మూయకుండా మాత్రం కొనకండి.

ప్రశ్న: రోజూ ఆఫీసుకు 2 కిలోమీటర్లే వెళ్తాను. కరెంటు లీకేజీ లేదని మెకానిక్ పరీక్షించి చెప్పాడు. అయినా బ్యాటరీ నెలకోసారి డౌన్. ఎందుకు?

జవాబు: స్టార్ట్ చేసినప్పుడు తీసుకున్నది తిరిగి ఎక్కేలోపే మీరు బండి ఆపేస్తున్నారు. హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే బండి అయితే, నిదానంగా పోయేటప్పుడు వచ్చే కాస్త చార్జింగ్‌లో చాలా భాగం దానికే పోతుంది. వారానికోసారి ముప్పావు గంట మంచి వేగంతో తిప్పండి. ఇంటి ముందు నిలబెట్టి ఐడిల్‌లో ఉంచితే లాభం లేదు. బ్యాటరీ స్క్రూలు, ఇంజన్‌కు బిగించిన ఎర్త్ వైరు కూడా ఒకసారి విప్పి, ఉప్పు కాగితంతో తోమి బిగించండి.

ప్రశ్న: కారు బ్యాటరీ చార్జర్‌తో బైక్ బ్యాటరీ చార్జి చేయొచ్చా?

జవాబు: మామూలు పాత రకం చార్జరైతే వద్దు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు చాలు, 8 ఆంపియర్ అవర్‌కు 0.8 ఆంపియర్. కారు చార్జర్ 4, 5 ఆంపియర్లు తోస్తే బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. బైక్ మోడ్ ఉన్న ఆటోమేటిక్ చార్జరైతే ఆ మోడ్‌లో పెట్టి వాడండి. గాలి ఆడే చోట పెట్టి, ముందు క్లిప్పులు తగిలించి ఆ తర్వాతే స్విచ్ వేయండి. చార్జి అవుతున్నప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చిన్న నిప్పురవ్వ కూడా దగ్గరికి రాకూడదు.